హేమ్లి ముంగిట గంటపూలు

టేకులపల్లి దగ్గరి తండాలో హేమ్లి చేయి మంచిదని పేరు. అటవీశాఖ నర్సరీలో టేకు నారు పోసే కూలీగా చేరిన నాటి నుంచీ ఆమె పోసిన మడి ఎండిందన్న మాట లేదు. ఆ పేరుకు తొలి దెబ్బ కొట్టింది గంటపూల మొక్క.

ఎనభైల్లో ఒక ఏడు, రేంజరుగారి భార్య నిర్మలాదేవి ఊటీ వెళ్లి గంటపూల విత్తనాలు తెచ్చింది. నిలువుగా ఎదిగేవి, నేల మీద పాకేవి, నీలివి, తెల్లవి, అన్ని రకాలూ ఒకే పొట్లంలో కలిసి ఉన్నాయి.

"నేనో సగం, నువ్వో సగం వేద్దాం హేమ్లీ" అని చేతిలో పోసింది.

హేమ్లి ఆత్రపడి ఎండలు ముదిరే వేళ కొన్ని చల్లింది. మొలిచినవి మొలిచినట్టే మాడిపోయాయి. భర్త రామ్‌సింగ్ నవ్వాడు.

"దేవునికి పెట్టేది గాదు, కొప్పుల పెట్టేది గాదు. గా పువ్వుతోని ఏం పనే నీకు?"

"పని లేకుంటే లేకపాయె. నేను పోసింది మొలవకుంటే నాకు నిద్ర పట్టదు" అంది హేమ్లి.

వానలు వెనకపట్టాక మిగిలిన విత్తనం బయటికి తీసింది. దుమ్ములా సన్నగా ఉన్న గింజల్ని ఇసుకలో కలిపి, పగిలిన కుండల్లో చల్లి, గడ్డి పందిరి నీడన పెట్టింది. చెంబుతో పోస్తే కొట్టుకుపోతాయని తడిగుడ్డ పిండి నీళ్లు చిలకరించింది. పాకే రకం అక్కడే కుళ్లిపోయింది. నిలువు రకం నిలదొక్కుకుంది. వాటిని ముంగిట్లో నాటి, మేకలు రాకుండా చుట్టూ రేగుకంప కట్టింది.

మాఘమాసంలో పూశాయి. కాడ నిండా నీలి గంటలు, మధ్య మధ్య తెల్లవి. నీళ్లకు పోయే ఆడవాళ్లు బిందెలతోనే ఆగి చూశారు. ముసలి జమ్లి ఒక పువ్వును వేలితో కదిపి చెవి ఒగ్గింది. "మోగదేందే?" అంటే అందరూ నవ్వారు.

కబురు విని నిర్మలాదేవి వచ్చింది. "నావి మొలకల్లోనే పోయాయి. ఇవి ఊటీలో చూసినవాటికి ఏం తీసిపోవు హేమ్లీ."

"మళ్లేడు మీకు నారు నేనే పోసిస్త అమ్మా" అంది హేమ్లి, తల ఎత్తి.

అన్నట్టే పోసిచ్చింది. తండాలో అడిగిన ప్రతి ఇంటికీ పంచింది. కొన్నేళ్లకు చలి వెనక్కి తగ్గే రోజుల్లో తండా బాట పొడవునా నీలిరంగే. ఒకసారి ఖమ్మం మార్కెట్లో మిర్చి అమ్మి మొగుడూ పెళ్లాం బస్సులో తిరిగొస్తున్నారు.

"పూల తండాల దిగేటోళ్లు జల్దీ రాండ్రి" అని కండక్టరు కేకేశాడు.

హేమ్లి సంచీ అందుకుంటుంటే, రామ్‌సింగ్ పక్క సీటాయనతో అంటున్నాడు: "గా పూలు మా ఇంటిదే పెంచింది. గామెనే."

పక్క సీటాయన హేమ్లి వైపు తిరిగి చూశాడు. ఆమె కొంగు సర్దుకుని, తొందరేమీ లేకుండా బస్సు దిగింది.