చెంచా నుంచి కారని సూప్

ఆ ఉదయం మా ఆయన తాగుతున్న చాయ్ పెదవి చివరి నుంచి చొక్కా మీదికి కారింది. ఆయన తుడుచుకోలేదు. "చిన్నపిల్లగానివా, జర చూసుకోవద్దా?" అని కసురుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన ఏదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకు వాలి ఉంది. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

డోర్నకల్ నుంచి ఆటోలో మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లాం. సి.టి. స్కాన్ తీసి స్ట్రోక్ అన్నారు. చెయ్యీ కాలూ మెల్లగా కదిలాయి కానీ మింగడం రాలేదు. ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి పాలు పోశారు. రెండు వారాలకు ట్యూబ్ తీసి, "ఇంటికి పోవచ్చమ్మా. అన్నం ఇప్పుడే వద్దు, సూప్ పెట్టండి" అన్నారు డాక్టర్.

మా ఇళ్లల్లో సూప్ అంటే ఒకటే. నాటుకోడిని మిరియాలు, వెల్లుల్లితో గంటసేపు ఉడికించి ఆ నీళ్లు తాగడం. నేను ఇంకా తెలివి చూపించి, గొంతులో ఏదీ అడ్డుపడకూడదని పలుచటి గుడ్డలో వడకట్టాను. మూడో చెంచాకే ఆయనకు పొలమారింది. పక్కనున్న మా ఆడబిడ్డ ఆయన నెత్తి తట్టి, "ఎవలో యాది చేస్తున్నరే అన్నా నిన్ను" అంది. నవ్వుకున్నాం. గిన్నె మొత్తం తాగించాను.

మర్నాటికి జ్వరం, ఆయాసం. మళ్లీ అదే దవాఖాన. ఎక్స్‌రే చూసి ఆస్పిరేషన్ న్యుమోనియా అన్నారు. ఆక్సిజన్ పెట్టారు, ట్యూబ్ మళ్లీ వేశారు.

"ఏం పెట్టిన్రమ్మా?" డాక్టర్ అడిగారు.

"మీరు చెప్పిన సూపే సార్."

"నీళ్ల లెక్క ఉండెనా?"

తలూపాను.

"అదే ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఈయనకు పలుచటిదే ప్రమాదం, మింగేలోపే శ్వాసనాళంలోకి జారిపోతది. ఇంకోసారి ఇట్లయితే నేనేం చెప్పలేను."

నా చేతులతో నేనే పోశానని, గోడకు తల బాదుకోవాలనిపించింది.

తొమ్మిది రోజులకు తేరుకున్నాడు. స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ మింగడం ఎట్లుందో చూసే స్వాలో టెస్ట్ చేసి, ట్యూబ్ తీయించి, నాకు చెంచా వంచి చూపించింది. సూప్ ధార కట్టకూడదు, ముద్దగా జారాలి.

ఇంటికొచ్చాక బొక్కలు లేని కోడి ముక్కలు, ఒక ఆలుగడ్డ, పిడికెడు బియ్యం కలిపి మెత్తగా ఉడికించాను. మిక్సీలో పట్టి, పీచు లేకుండా జల్లెడలో రుద్ది, పాలమీగడ వేసి సన్నని మంట మీద కలిపాను. చెంచా వంచితే ధార కట్టింది. ఇంకాసేపు కలిపాను. మళ్లీ ధారే. మూడోసారికి ముద్దగా జారింది.

ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచమని, అర చెంచా పెట్టాను. గొంతు ముడి పైకి లేచి అక్కడే ఆగినట్టనిపించింది. ఆడబిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముడి దిగింది. దగ్గు రాలేదు. మేడమ్ చెప్పినట్టు "ఆ" అనిపించాను. గొంతులో గురగుర లేదు.

"గిది సూపా?" అన్నాడు నత్తినత్తిగా. "జావ లెక్కున్నది."

"జావనే. మింగు" అన్నాను ఏడుస్తూ.

ఇప్పుడు మెత్తటి అన్నం తింటున్నాడు. సూప్ మాత్రం రోజూ సాయంత్రం ఉండాల్సిందే, కారం తక్కువని సణుగుతూనే లాగిస్తాడు. ఆయన మింగే ప్రతిసారీ నేనింకా ఆ గొంతు ముడి దిగేదాకా చూస్తాను.

మీ ఇంట్లో ఇలాంటి పేషెంట్ ఉంటే, డాక్టర్ సూప్ అనగానే తలూపి వచ్చేయకండి. ఎంత చిక్కగా ఉండాలో చెంచాతో చూపించమనండి. వాళ్లు విసుక్కున్నా అడగండి. నేను ఆ ఒక్క మాట అడగలేదు.