కుంఫిణీ దారిలో ఏసేపు ఎద్దులు

తనకు కాపలా కాసే ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద నిజాం మన సీమ జిల్లాలనే ఈస్టిండియా కుంఫిణీకి రాసిచ్చేశాడని చదివినప్పుడు ఒళ్లు మండింది. కాపలా కోసం ఎవరైనా ఇల్లే ఇచ్చేస్తారా? ఆ కాలపు ఆనవాళ్లేమైనా మిగిలాయేమో చూద్దామని, నిజాంను తిట్టుకుంటూనే, ఉదయం ఆరింటికి కర్నూలులో కడప ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను.

ఆళ్లగడ్డలో బస్సు ఆగితే ఉగ్గాని, బజ్జీ తిన్నాను. అబ్బ, కారం నషాళానికి అంటింది! అక్కడే ఎక్కి పక్కన కూర్చున్న ఏసేపు అనే రైతు నా అవస్థ చూసి నీళ్ల సీసా అందించాడు. ఎక్కడికని అడిగాను.

"మైదుకూరికప్పా. మా పై ఊరి పెద్దాయన ఆడుంటాడు. కాళ్లో గడ్డమో పట్టుకోవల్ల."

వాళ్లది కాలువ చివరి చిన్న ఊరు. పైనున్న పెద్ద ఊరు తూము వదిలితేనే నీళ్లు. అందుకని ఓట్లయినా తగాదాలైనా ఆ ఊరి వెంటే నడుస్తారు. అక్కడి తిరునాళ్లలో బండలాగుడు పందేలకు ఎద్దుల్ని తోలుకెళ్తారు, కానీ గెలవకూడదు. చివర్లో పగ్గం బిగబట్టాలి. నోరు తెరిచి ఎవరూ చెప్పని కట్టుబాటు అది.

"ఈ తూరి జనం కేకలకు నా ఎద్దులు ఆగల్యా. గెలిచినాయి. తూము మూసిరి. ఊరంతా వరి ఎండుతాండాది, అందరూ నన్నే తిడ్తాండారు."

నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను.

కడపలో పాత కలెక్టరు కచేరీ గోడలు చూశాను, రాగిసంకటి తిన్నాను. మనసు మాత్రం మైదుకూరులోనే ఉంది. నాలుగింటి బస్సులో తిరిగి వస్తుంటే ఏసేపు అక్కడ ఎక్కాడు. చోటిచ్చి, ఏమైందన్నాను.

"నీళ్లిడుస్తాడంట. ఎద్దులు నా కొట్టంలోనే ఉంటాయి, మేత నాదే. పందెంలో మాత్రం ఆయన పేరు మీద దిగల్ల."

"ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోక యాడికి పోదునప్పా? అవి నా గొంతుకే కదుల్తాయి. ఆయన పిలిస్తే చెవి గూడా ఆడించవు."

"ఇంకేం, మంచిదే కదా!"

"యాడ మంచి? మా ఊరి ఎద్దుల మీద గెలవమని ఇంక నేనే అరవల్ల."



ఆళ్లగడ్డ దగ్గర పడుతుండగా ఇంటికి ఫోన్ చేశాడు. "నీళ్లొస్తాండాయి, చేలో మడవ తీయండి" అన్నాడు. అటువైపు ఆడవాళ్ల సంబరం నాకు కూడా వినిపించింది. ఎద్దుల మాట ఎత్తకుండానే ఫోన్ పెట్టేసి దిగిపోయాడు.

కర్నూలు చేరేదాకా నిజాంను మళ్లీ తిట్టబుద్ధి కాలేదు.