కుడి చెవిలో పాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక మేడమీది గదిలో పాత ఇటలీ సినిమా వేశారు. ఎప్పటిలాగే ఒక్కదాన్నే వెళ్లాను. పదిహేడేళ్లప్పుడు ల్యాప్‌టాప్‌లో చూసి నేను పిచ్చిదాన్నైపోయిన సినిమా అది. తండ్రి తిడుతుంటే కొడుకు మారు మాట్లాడకుండా రాక్ పాట పెట్టి సౌండు పెంచేస్తాడు. అలాంటి సినిమాల్లో పిల్లలంతా అంతే. తామెవరో నోటితో చెప్పుకోలేక ఆ పని గిటారుకు అప్పగిస్తారు. అమ్మ తెలుగులో తిడితే తమిళంలో నసిగే నాకు అది తెగ నచ్చింది.

అప్పట్లో నేనూ, మా పెద్దమ్మ కూతురూ కౌలా సెలంగోర్ నుంచి క్లాంగ్‌లో కాలేజీకి బస్సులో వెళ్లేవాళ్లం. నాకంటే ఏడాది పెద్ద. ఫోను నాది, ఇయర్‌ఫోన్లు అక్కవి. ఎడమది నాకిచ్చి కుడిది తను పెట్టుకునేది. కిటికీ బయట ఆయిల్‌పామ్ తోటలు ఎంతకీ తరిగేవి కావు. నేను సినిమా కథ చెప్పి ఆ పాట పెట్టేదాన్ని. నా వైపు అంతా గిటారే.

"గొంతంతా నీ పక్కే ఉంది లా, అక్కా!" అని ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలించి అంటే, నవ్వి తల ఊపేది. నా పాట తెలిసిన మనిషి ఒక్కతైనా ఉందని నాకు కొండంత ధైర్యం.

తర్వాత అక్క జొహోర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్లింది. గొడవేమీ జరగలేదు. జరిగుంటే రాజీకి ఒక సాకైనా ఉండేది. దీపావళికి ఫోన్‌లో ఒక దీపం బొమ్మ పంపుకుంటాం, అంతే. ఆ పాట మళ్లీ వినబుద్ధి కాలేదు.

మొన్న గదిలో కుడివైపు స్పీకర్లోంచి ఆ గొంతు వచ్చింది. అక్క రోజూ విన్నది ఇదే కదా అనుకున్నాను. పక్క కుర్చీ ఖాళీ. ఏడుపొచ్చేసింది. బయటికి రాగానే అక్కకు రాశాను: "మన బస్సు పాట విన్నాను. గుర్తుందా?"

మోనోరైల్ స్టేషన్ చేరేలోపు వాయిస్ మెసేజ్‌లో అక్క గొంతే వచ్చింది.

"ఇప్పుడు సెప్తే ఏటిలే. నా పక్కది ముందే పాడైపోయినాది. ఒక్క పాటా ఇనలేదు నాను. నువ్వు తల ఊపితే నానూ ఊపినాను లా. సెప్తే నువ్వు కొత్తవి కొనుక్కొని యేరే సీటులో కూకుంటావని బయమేసినాది."

మూడుసార్లు విన్నాను. అన్నాళ్లూ అక్క విన్నది బస్సు చప్పుడూ, నా వాగుడూను.

పాట పంపబోయి మానేశాను. "శనివారం బస్సులో వస్తాను, ఉంటావా?" అని పంపాను. షిఫ్టులో ఉందేమో, ఇంకా చూడలేదు.