సాపు పాదాలు

మొన్న కరీంనగర్‌ల చెప్పుల దుకాణంల, పాదం వంపు కింద పెట్టుకునే మెత్తటి రబ్బరు అట్టలు చూసిన. చెన్నూరుల నా చిన్నతనం యాదికొచ్చింది.

నాకప్పుడు ఆరేండ్లు. అరికాళ్లల్ల వంపు లేక పాదాలు సాపుగ ఉన్నయని అవ్వ పరేషానయితే, బాపు దవాఖానకు తీస్కపోయిండు.

"నొప్పి లేదు గద, ఫికర్ చెయ్యకుర్రి. పెరిగినకొద్ది వంపు అదే వస్తది. జర ఉత్త కాళ్లతోని ఇసుకల నడిపియ్యుర్రి," అన్నడు డాక్టర్.

ఇగ రోజు పొద్దుగాల, కండక్టర్ డ్యూటీకి పోకముందు, బాపు నన్ను గోదావరి ఒడ్డుకు తీస్కపోయేటోడు. తడి ఇసుక సల్లగ, గరుకుగ తగిలేది. ఒకనాడు వెనుకకు తిరిగి చూస్తే, బాపు అడుగులు నా అడుగులకన్న సాపుగ పడ్డయి.

"బాపూ, నువ్వు గూడ నా లెక్కనే నడుస్తున్నవా?"

"నీకు తోడుండాలె గద బిడ్డా," అని నవ్విండు.

నా కోసమే కావాలని అట్ల అడుగేస్తుండని సంబరపడ్డ.

ఎనిమిదేండ్లు దాటినంక నాకు వంపు వచ్చింది. బాపు మాత్రం దినమంత బస్సుల నిలబడి వచ్చి, ఉడుకు నీళ్లల్ల ఉప్పేసి కాళ్లు పెట్టుకునేటోడు. కండక్టర్లందరు అట్లనే చేస్తరనుకున్న.

ఆనాడు డాక్టర్ ముందట అంతసేపు కూసున్నడు గని, తన కాళ్ల ముచ్చట ఒక్కటి గూడ తియ్యలే.