వజ్రమ్మ మేడం ఖాళీల తరగతి

కోరుట్లలో ఒక బీడీ కార్ఖానా వెనకాల రేకుల గది ఉండేది. వజ్రమ్మ మేడం మాకు ఇంగ్లీషు చెప్పింది అందులోనే. గోడకు అవతల తునికాకు కట్టలు, తంబాకు గోతాలు పేర్చి ఉండేవి. కొత్తగా చేరిన పిల్లలు ఆ ఘాటుకు తుమ్మేవాళ్ళు. మాకు అలవాటైపోయింది. మాలో చాలామందిమి చాటలు వెంట తెచ్చుకుని, ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూనే పాఠం వినేవాళ్ళం. మేడం వద్దనేది కాదు. "చేతులకు పనుంటె ఏమైతది, చెవులు నాకియ్యిన్రి" అనేది.

అవి పల్లెల్లో నక్సలైటు దళాలూ పోలీసులూ ఇద్దరూ తిరిగే రోజులు. చదువుకున్న పిల్లవాడు ఇంట్లో కనబడకపోతే, ఎక్కడికి పోయాడని పక్కింటివాళ్ళను అడగడానికి కూడా తల్లిదండ్రులు భయపడేవాళ్ళు.

మేడం పుట్టింది మల్యాల దగ్గరి పల్లెలో. తండ్రి దుర్గయ్య, తల్లి లింగవ్వ కూలికి పోయేవాళ్ళు. గుంట భూమి లేదు. చర్చికి వచ్చే పాస్టరు ఆమెను మిషన్ హాస్టల్లో చేర్పించాడు. అక్కడ ఇంగ్లీషు బాగానే వచ్చింది. అయినా టీచర్ ట్రైనింగు ప్రవేశపరీక్షలో తప్పింది. వాక్యంలో ఒక మాట వదిలేసి, కింద నాలుగు మాటలిచ్చి, సరైనది పెట్టమనే ప్రశ్నల దగ్గర చిక్కుకుపోయిందట. ఏది చదివితే అదే సరైనదిగా తోచిందట. ఒక్కోదాని దగ్గర కూర్చుండిపోయి సగం కాగితం అట్లాగే ఇచ్చి వచ్చింది. తర్వాత వయసు దాటిపోయింది. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ, ఆ ప్రశ్నల సంగతేమిటో తేల్చుకోవాలని పట్టుబట్టి కూర్చుంది. మాకు చెప్పిందంతా అట్లా తనంతట తాను పట్టుకున్నదే.

"ముందుగాల చెయ్యి అడ్డం పెట్టున్రి" అనేది. కింది నాలుగు జవాబుల మీద అరచెయ్యి మూసి, వాక్యం ఒక్కటే చదవాలి. ఆ ఖాళీలో మన నోటికి వచ్చిన మాట పెట్టుకోవాలి, తెలుగు మాటయినా సరే. అప్పుడు చెయ్యి తీసి దానికి దగ్గరి మాట వెతకాలి. "నాలుగు మాటలు నిన్ను నాలుగు దిక్కుల గుంజుతయి. నీ మాట నీకుంటె ఎటూ పోవు."

తర్వాత వాక్యాన్ని మలిపే మాటలు చెప్పేది. 'బట్', 'ఆల్‌దో' లాంటివి కనబడితే వెనక వచ్చేది ముందు చెప్పినదానికి ఎదురు తిరుగుతుంది. 'బికాజ్', 'సో' ఉంటే రెండూ ఒకే దారిన పోతాయి. ఖాళీలు రెండుంటే రెండింటినీ ఒక్కసారే చూడకూడదు. ఒకదానిలో ఎంతకూ పొసగని మాటలు కొట్టేస్తే సగం జవాబులు వాటంతటవే పోతాయి. చివరికి మాట పెట్టి, వాక్యం మొత్తం పెదవులతో చదువుకోవాలి. తెలియకపోతే గుర్తు పెట్టి ముందుకు నడవాలి. "ఒక్క ఖాళీ కాడనే కూసుంటె కొలువు పోతది. నాకు పోయింది" అని నవ్వకుండా చెప్పేది.

ఇవన్నీ మా అందరికన్నా ముందు పట్టుకున్నది రాజమణి. వాళ్ళది సిరిసిల్లలో నేతపని చేసే ఇల్లు. తండ్రి నర్సయ్య భీవండిలో పవర్‌లూమ్ నడిపేవాడు. తల్లి సత్యవ్వ ఇంటి దగ్గర కండెలు చుట్టేది. రాజమణి కోరుట్లలో మేనత్త పోచవ్వ ఇంట్లో ఉండి, బీడీలు చేస్తూ చదువుకునేది. అన్న బాలరాజు డిగ్రీ మధ్యలో వదిలేసి దళంలోకి వెళ్ళిపోయాడు. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఒక్క మేడంకే చెప్పుకుంది. "గీ ముచ్చట గీడనే ఉండని బిడ్డా" అన్నదట మేడం.

ఆ ఎండాకాలం ఒక అడవి దారిలో మందుపాతర పేలి పోలీసులు చనిపోయారు. ఆ తర్వాత పడుచుపిల్లలు నలుగురు కూడిన చోటల్లా జీపు ఆగేది. ఒకరోజు పొద్దు ఇంకా ఉండగానే మా గది ముందు ఆగింది. ఎక్కడినుంచో వచ్చిన సి.ఐ. ఒకాయన, వెనక తుపాకులతో కొందరు లోపలికి వచ్చారు. చాటలు ఒళ్ళోంచి జారి తంబాకు నేల మీద చిందింది.

సి.ఐ. మమ్మల్ని చూడలేదు. బోర్డు చూశాడు. దాని మీద గైడులోంచి తీసిన ఇంగ్లీషు వాక్యం ఒకటి ఉంది. తెలుగులో చెప్పాలంటే, 'వాళ్ళు కొద్దిమందే అయినా మొత్తం సైన్యాన్ని' అని, ఆ తర్వాత ఏం చేశారో చెప్పే మాట దగ్గర ఒక గీత. కింద ఇవ్వవలసిన నాలుగు మాటలు మేడం ఇంకా రాయలేదు.

"ఇదేం పాఠం?" అన్నాడు.

"ఎంట్రెన్సు పాఠం సార్. ఖాళీలు నింపుడు" అన్నది మేడం.

"నింపించండి, చూద్దాం." ముందు వరుసలో ఉన్న రాజమణి వైపు లాఠీ చూపించాడు.

రాజమణి లేచింది. మేడం కళ్ళతోనే వద్దన్నది. అది నాకు కనబడింది గాని రాజమణికి కనబడలేదు. జవాబుతో పాటు కారణం కూడా చెప్పడం మా తరగతి అలవాటు.

"డిఫీటెడ్ సార్. ఓడగొట్టిండ్రు అని. ముందల ఆల్‌దో ఉన్నది, కొద్దిమందే అన్నరు. గందుకు ఎనుక గెలిచిండ్రనే రావాలె."

"ఎవరు గెలిచారు?"

"వాక్యంల వాళ్ళు సార్."

"వాళ్ళంటే ఎవరు?"

మేడం గైడు తెరిచి ఆయన ముందుకు చాచింది. "గిండ్లకెల్లే తీసిన సార్, మీరే చూడున్రి." ఆయన దాన్ని ముట్టుకోలేదు. రాజమణి పేరు, తండ్రి పేరు, ఊరు అడిగాడు. ఆమె చెప్పగానే వెనక ఉన్న ఎస్సై ముందుకు వంగి ఆయన చెవిలో ఏదో అన్నాడు.

"బాలరాజు నీకేమవుతాడు?"

రాజమణి ఒకసారి మేడం మొహం చూసింది. "మా అన్న" అన్నది.

జీపులో ఎక్కించారు. ఆడపిల్లను ఒక్కదాన్ని పంపనని మేడం కూడా ఎక్కబోతే దించేశారు. నడిచి ఠాణాకు పోయి, మరునాడు రాజమణిని వదిలేదాకా ఆ గేటు ముందు నుంచి కదల్లేదు. లోపల ఏం జరిగిందో రాజమణి మాకు చెప్పలేదు. కొట్టలేదని మాత్రం అన్నది. ఆ తర్వాత ఎవరు తలుపు తోసినా లేచి నిలబడేది. చుట్టిన బీడీలు వదులైపోయి, కార్ఖానాలో వాపసు చేసేవాళ్ళు.

వారం వారం ఠాణాకు వచ్చి కనబడాలని, ఊరు దాటితే చెప్పి పోవాలని షరతు పెట్టారు. టీచర్ ట్రైనింగు ప్రవేశపరీక్ష జగిత్యాలలో పడింది. మేడమే సి.ఐ. దగ్గరికి వెళ్ళి, ఏ బడిలో పరీక్షో చెప్పి, అనుమతి అడిగింది. "రాయనివ్వండి. ఎక్కడుందో మాకూ తెలుస్తుంది" అన్నాడాయన.

పరీక్ష నాడు పొద్దున్నే బస్సులో మా అందరినీ మేడమే తీసుకుపోయింది. దారి పొడుగునా రాజమణి పక్కనే కూర్చుని వాక్యాలు చెప్పి, ఖాళీలు నింపించింది. మేం లోపలికి పోయాక, మా సంచులు ముందు పెట్టుకుని బడి ఎదురుగా కల్వర్టు మీద కూర్చుంది. ఇక్కడినుంచి మేం బయటికి వచ్చేదాకా జరిగింది తర్వాత మేడం నోట విన్నదే.

గంట కొట్టిన కాసేపటికి రాజమల్లు అనే కానిస్టేబులు వచ్చాడు. కొడిమ్యాలవాడు. మేడం ఠాణా గేటు దగ్గర కూర్చున్నప్పుడు మంచినీళ్ళు ఇచ్చింది అతనే.

"టీచరమ్మా, గా పిల్ల లోపలున్నదా?"

"రాస్తున్నది. ఏమైంది?"

అతను చౌరస్తా వైపు చూశాడు. అక్కడ జీపు ఆగి ఉంది. "తెల్లారంగ గుట్టల కాడ కాల్పులైనయి. బాలరాజు పోయిండు. ఇంటోళ్ళు ఎవలన్న వచ్చి గుర్తు పట్టాల్నట. పిల్లను తోల్కరమ్మన్నరు."

మేడం అతని చేతులు పట్టుకుంది. "పోయినోడు రాడు రాజమల్లూ. ఈ పిల్లకు మళ్ళ ఇసొంటి దినం రాదు. పరీక్ష అయిపోని, నేనే తోల్కస్త."

"సార్ ఆగడు టీచరమ్మా."

"రాలేదని చెప్పు. పరీక్షకు రాలేదని చెప్పు."

"చెప్త. కని నా పేరు ఏడా తియ్యకు" అని వెళ్ళిపోయాడు. జీపు కదిలి పోయింది. శవాన్ని సాయంత్రం దాకానైనా ఉంచుతారని మేడం అనుకుంది. ఆ ఒక్క నమ్మకం మీదే అక్కడ కూర్చుంది.

నేను, రాజమణి కలిసే బయటికి వచ్చాం. ఠాణా నుంచి వచ్చాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. "మేడం, రెండు ఖాళీలయి గూడ వచ్చినయి. ఒక్కటే ఇడిసిపెట్టిన" అన్నది. మేడం ఆమెను కల్వర్టు మీద కూర్చోబెట్టి, రెండు భుజాలు పట్టుకుని చెప్పింది.

రాజమణి ఏడవలేదు. "మీకెప్పుడు తెల్సింది?" అన్నది.

"నువ్వు లోపటికి పోయినంక."

"జీపచ్చిందా?"

"అచ్చింది."

అంతే, సంచి తీసుకుని బస్టాండు వైపు ఉరికింది. వెనకనే మేడం, నేను. కాల్పులు ఎక్కడయ్యాయో అడుగుతూ రెండు బస్సులు మారి, రోడ్డు లేని చోట నడిచి గుట్టల కింది పల్లెకు చేరేసరికి పొద్దు వాలింది. ఊరి కావలికారు ఒకతను దూరంగా చెయ్యి చూపించాడు. గుర్తు పట్టేవాళ్ళు ఎవరూ రాలేదని పంచనామా రాసి, అక్కడే కాల్చేశారట. మేం పోయేసరికి బూడిద ఇంకా వేడిగా ఉంది. రాజమణి దాని పక్కన కూర్చుంది. మేడం దగ్గరికి పోతే "మీరు రాకున్రి" అన్నది.

వారం తిరగకముందే మేడం సిరిసిల్ల పోయింది. ఎవరూ పిలవలేదు. తాను చేసింది తన నోటితోనే చెప్పాలని పోయింది. తోడుగా నేను వెళ్ళాను. భీవండి నుంచి వచ్చిన నర్సయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు, తలెత్తలేదు. సత్యవ్వ రాట్నం ముందు ఉంది గాని చెయ్యి ఆడడం లేదు. మేడం అంతా చెప్పింది. ఒక్క రాజమల్లు పేరు తప్ప ఏదీ దాచలేదు.

సత్యవ్వ విన్నది. ఒక్క మాట అడిగింది.

"అయితె గా పొద్దంత నా కొడుకు ఎండల్నే ఉన్నడా?"

"నాకు తెల్వదు అక్కా" అన్నది మేడం.

"నేనన్న పోదును గద. నాకు ఎవ్వలు చెప్పలే."

తిట్టలేదు, శాపం పెట్టలేదు. మేం లేచేటప్పుడు మాత్రం, పిల్లకు సీటు వస్తదా అని నర్సయ్య అడిగాడు. వస్తదని చెప్పింది మేడం.

వచ్చింది. రాజమణి వద్దన్నది. అన్నను కాల్చిన పొద్దున సంపాయించిన సీటు నాకెందుకని రోజులకు రోజులు తిండి మానేసింది. సత్యవ్వే ఆమెను వెంటబెట్టుకుని పోయి చేర్పించి వచ్చింది. ట్రైనింగు అయ్యాక ఎల్లారెడ్డిపేట దిక్కు ఒక పల్లె బడిలో టీచరుగా పనిచేసింది. మంచి టీచరనే పేరు వచ్చింది. బస్టాండులోనో, పెళ్ళిళ్ళలోనో మేడం ఎదురుపడితే నమస్కారం పెట్టేది, పక్కకు తప్పుకుని పోయేది. ఒక్కసారి మాత్రం నాతో అన్నది: "ఆమె నాకు మంచే చేసింది. గదే నాకు ఓర్వస్తలేదు."

మేడం తరగతి మానలేదు. మానేస్తుందని మేమంతా అనుకున్నాం. బోర్డు మీద రాసే వాక్యాలు మాత్రం మార్చింది. వానలు, పంటలు, బడి, బస్సు, అంతకు మించి ఉండేవి కావు. గైడులోని వాక్యం ఏదైనా ముందు తను రెండుసార్లు చదువుకునేది.

ఇంకొకటి కొత్తగా మొదలుపెట్టింది. పరీక్షలు దగ్గర పడ్డాక ఒక్కో పిల్లను విడిగా పిలిచి అడిగేది. "బిడ్డా, పరీక్ష నాడు మీ ఇంట్ల ఏమన్న అయితె నీకు ముందుగాల చెప్పాల్నా, పరీక్ష అయినంక చెప్పాల్నా?"

పిల్లలు బిత్తరపోయేవాళ్ళు. ఏమైతది మేడం అని ఎదురడిగేవాళ్ళు. అన్నలో, బాబాయిలో దళాల్లోకి పోయిన ఇళ్ళ పిల్లలు మాత్రం ఎదురడిగేవాళ్ళు కాదు. కొందరు అయినంకనే అన్నారు. ఒకామె మూలకు పోయి ఏడ్చింది. లక్ష్మవ్వ అనే పిల్ల మాత్రం "ముందే చెప్పున్రి మేడం, ఏదైనా సరే" అన్నది.

పరీక్ష నాడు ఆమెకు ముందే చెప్పవలసి వచ్చింది. హాలు గుమ్మం దాకా పోయిన పిల్లను వెనక్కి పిలిచి, తండ్రి పోయాడని మేడమే చెప్పింది. లక్ష్మవ్వ ఆ పరీక్ష రాయలేదు. తర్వాత కూడా ఏ పరీక్షా రాయలేదు. తండ్రి మొహం మాత్రం చూసుకుంది.