ప్రాంప్టరు ఇంట్లో జ్ఞాపకాల తరగతి

ముప్పై ఎనిమిదేళ్లు ఆయన నాటకాల్లో ప్రాంప్టరు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నాటకం ప్రతి ఒళ్లో పెట్టుకుని, నటుడు మాట మరిచిపోయి గుటకలు మింగుతుంటే తరువాతి ముక్క అందించడం ఆయన పని. పెదవులు కదిలేవి కావు. నటులకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే: "నేనేది అందిస్తే అది అనెయ్యి. ఆలోచించావా, చచ్చావన్నమాటే."

ఇప్పుడు ఆయన రంగస్థలం ఇంటి హాల్లోని లాప్‌టాప్. వారానికి మూడు రోజులు, ఉదయం పదింటికి, పెద్దవాళ్లకి జ్ఞాపకశక్తి తరగతి. తెర మీద పన్నెండు గళ్లు. రెండింట్లో నుదుళ్లే కనిపిస్తాయి, ఒకదాంట్లో ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. కుర్చీలో కూర్చుని మోకాళ్లు ఎత్తుతూ వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టాలి. శిక్షకురాలు మొదట్లో చెప్పిన ఐదు మాటలు చివర్లో తిరిగి చెప్పాలి.

ఇద్దరూ చేరారు గానీ, అసలు భార్య కోసమే. ఏడాదిగా ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. పది వారాల మార్కులు చూసి డాక్టరు అవసరమో కాదో చెప్తామన్నారు తరగతివాళ్లు. తొమ్మిది వారాలుగా ఆవిడకి ఐదుకి ఐదు వస్తున్నాయి. పాలు మాత్రం మాడుతూనే ఉన్నాయి.

పై వాటాలో ఉండే కూతురికి ఈ లెక్క మింగుడుపడలేదు. ఒక ఉదయం చప్పుడు చెయ్యకుండా దిగివచ్చింది. లాప్‌టాప్‌కి కనిపించని మూలలో తండ్రి, ఆయన ఒళ్లో ఐదు మాటలు రాసుకున్న కాగితం.

"నాన్నా! అందిస్తున్నావా?"

"ఎక్కడే? గొంతు సవరించుకున్నాను."

"సవరించుకుంటే 'తాళంచెవి' అని వస్తుందా?"

"మీ అమ్మ నావైపు చూసింది. మనిషి మాట కోసం వెతుక్కుంటుంటే నోరు మూసుకుని కూర్చోమంటావా?"

"అమ్మ బదులు నువ్వు పాసవుతుంటే ఆవిడకి వైద్యం ఎవరు చేస్తారు? ఇల్లు తగలబడ్డాక ఆ మార్కులతో ఆర్పుతావా?"

"పోనీలేవే," అంది తల్లి. "మీ నాన్నకి మాత్రం వేరే పనేముంది?"

కూతురు నెత్తి కొట్టుకుని, కాగితం లాక్కుని, శిక్షకురాలికి ఫోన్ చేసింది.

పదో వారం పరీక్ష ఈ ఇంటికి విడిగా పెట్టారు. ఆయన్ని ఖాళీ చేతులతో సోఫాలో కూర్చోబెట్టి, పక్కనే కూతురు కాపలా కూర్చుంది.

"గొడుగు," అంది భార్య. "పడవ... గంట..." ఆగింది. అలవాటుగా పక్కకి చూసింది.

ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు. సోఫా కిర్రుమంది.

"మూడు, ఆంటీ," అంది శిక్షకురాలు. "డాక్టరు గారికి రాస్తాను."

"దువ్వెన!" ఆయన తువ్వాలు విసిరికొట్టారు. "నిచ్చెన! రోజూ చూసేవే కదే!"

"అంకుల్, ఇప్పుడు మీరు. పది వారాల్లో మీరొక్కసారి కూడా చెప్పలేదు."

"నాకెందుకమ్మా? మూడొందల నాటకాలు నడిపించినవాణ్ణి!"

అయినా లాప్‌టాప్ ముందుకొచ్చి కూర్చున్నారు. శిక్షకురాలు కొత్త మాటలు ఐదు చెప్పింది: సబ్బు, కిటికీ, రైలు, దిండు, సుత్తి. రెండు నిమిషాలు మోకాళ్లు ఎత్తారు, వంద నుంచి లెక్క తగ్గించారు.

"సబ్బు," అన్నారు దర్జాగా. "కిటికీ." చెయ్యి ఒళ్లోకి పోయింది. అక్కడ ప్రతి లేదు. ఎన్నడూ దేన్నీ బుర్రలో పెట్టుకోవలసిన అవసరం పడని మనిషి. చెమట పట్టింది. భార్య వైపు చూశారు.

ఆవిడ పెదవులు కదలలేదు. "పడవ."

"పడవ!" అన్నారాయన, చివరి వరుసకి వినపడేలా.

శిక్షకురాలి పెన్ను ఆగిపోయింది. "పడవ ఆంటీ జాబితాలోది, అంకుల్."

ఆయన భార్య మీద విరుచుకుపడ్డారు. "అందించేముందు ప్రతి చూసుకోవద్దూ?"

"అందిస్తే అనెయ్యడమే, ఆలోచించకూడదన్నది మీరే కదండీ!"

కూతురు రెండు చేతులతో మొహం రుద్దుకుని లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది.

"డాక్టరుకి ఇద్దరి గురించీ రాయండి మేడం. ఒకే రోజు తీసుకొస్తాను. డాక్టరు గది లోపలికి మాత్రం ఒక్కొక్కళ్లనే పిలవమనండి."