శుక్రవారం ఆకలి

ప్రభుదాస్ మందు మానేసి నాలుగు నెలలైంది. ఇల్లు బాపట్ల దగ్గర పిట్టలవానిపాలెంలో, పని టైల్స్ పరవడం. ఆ పని రేపల్లెలో నేర్చుకున్నాడు. తాగుడూ అక్కడే నేర్చుకున్నాడు, ఎందుకంటే మేస్త్రీ సాయంత్రం కూలి పంచేది బ్రాందీ షాపు ముందే. అలా పంచినవాణ్ణి ఎవరూ ఒక్క మాటనరు. తాగినవాడి మీద మాత్రం ఊరంతా తీర్పు చెబుతుంది.

తెనాలి ఆసుపత్రిలో చేర్చినప్పుడు అతనిలో ఎముకలే మిగిలాయి. అన్నం వాసనకే వాంతి చేసుకునేవాడు. ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ అతని భార్య కుమారిని కూర్చోబెట్టి చెప్పింది.

"ఇతన్ని ఆకలితో ఉంచకమ్మా. ఇన్నేళ్లూ ఆకలేసినప్పుడల్లా మందు పోశాడు. ఇప్పుడు ఆకలేసినా ఒళ్లు మందే అడుగుద్ది. పప్పో, గుడ్డో, ఆకుకూరో, ఏదుంటే అది వేళకి పెట్టు."

కుమారి ఆ మాట గట్టిగా పట్టుకుంది. మినుము కోతకెళ్లి, కూలి కింద మినుములే అడిగి తెచ్చి సున్నుండలు చుట్టింది. మొగుడి మొహంలోకి నెత్తురు రావడం ఆమె కళ్లతో చూసింది.

అంతలో ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసాల శ్రమకాలం వచ్చింది.

ప్రభుదాస్ తల్లి దానమ్మ, కొడుకు మంచం మీదున్నప్పుడే మొక్కుబడి చేసుకుంది. వాడు బతికొస్తే శ్రమకాలంలో ప్రతి శుక్రవారం తల్లీకొడుకులిద్దరూ ఉపవాసముంటారని, సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్లే తాగుతారని చర్చిలో సంఘం ముందు లేచి మరీ చెప్పింది.

"డాక్టరమ్మ వద్దంది అత్తయ్యా," అంది కుమారి.

"డాక్టరమ్మ సూదేసింది. మాన్పించిందెవరే?"

"మాన్పించినాయన అన్నం తినొద్దన్నాడా?"

"నోర్ముయ్! మాటిచ్చింది నేను."

మొదటి శుక్రవారం ఎలాగో గడిచింది. రెండో శుక్రవారం బాపట్లలో పని. మధ్యాహ్నం దాటేసరికి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. టైలు రెండుసార్లు వంకరగా పడింది. ఇది ఆకలో, ఆ పాత దాహమో అతనికే తెలియలేదు. నాలుక పీకుతోంది. ఏదైనా తినాలి. పక్కన పనిచేసేవాళ్లు సంఘంవాళ్లే. టిఫిన్ బండివాడూ సంఘంవాడే. సంఘంవాళ్లెవరూ నిలబడని చోటు ఒక్కటే ఉంది, బ్రాందీ షాపు పక్కన ఉడకబెట్టిన గుడ్ల బండి.

అక్కడికి నడిచాడు. షాపు వైపు వీపు పెట్టి, రెండు గుడ్లు ఉప్పుకారంతో తిన్నాడు. వణుకు తగ్గింది. తలెత్తేసరికి ఎదురుగా స్కూటరు మీద సంఘ పెద్ద కొండయ్య!

ప్రభుదాస్ ఇల్లు చేరేలోపే కబురు చేరింది.

"ఏదీ, నోరు తెరువు," అంది దానమ్మ. వాసన చూసింది.

"తాగలేదమ్మా. గుడ్లు తిన్నాను."

ఆవిడ వీధి తలుపు దగ్గరికేసింది. గొంతు తగ్గించి, "ఒరే దాసూ, ఆదివారం తాగాననే చెప్పు నాయనా. తాగినోడి కోసం ప్రార్థన చేస్తారు. తిన్నానంటే దేవుడి దగ్గర మాట తప్పింది నేనవుతాను," అంది.

"బాగుందత్తయ్యా! తాగితే జాలి, తింటే పాపమా?" కుమారి మండిపడింది.

తాగుడు మానమని ఊళ్లో ప్రతివాడూ చెబుతాడు. మానినవాడు ఏం తిని బతకాలో అడిగేవాడు లేడు. పస్తు వాడి ఒంటికి ఏం చేస్తుందో పెద్దలకి తెలియదు, తెలుసుకోరు.

ఆదివారం చర్చిలో ప్రభుదాస్ లేచి నిలబడ్డాడు. "నేను తాగలేదండి. ఆకలేసి తిన్నానండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కొండయ్య మెత్తగా అన్నాడు: "తాగుంటే ఒప్పుకో బాబూ. ఇక్కడ నిన్నెవరూ కొట్టరు."

"ఒట్టండి. తిన్నానంతే."

"సరేలే. మీ అమ్మ కోసమైనా వచ్చే శుక్రవారం గట్టిగా నిలబడు."

ఎవరూ నమ్మలేదు. నమ్మినా చెప్పేది అదే, మళ్లీ పస్తుండమని.

శుక్రవారం పొద్దున్నే కుమారి కంచం పెట్టింది. అన్నం, తోటకూర పప్పు. వీధి తలుపు మూయలేదు. దానమ్మ గొడవ పడలేదు. ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది.

"నువ్వు తినరా. నీ వంతు ఉపవాసం రేపు కూడా నేనే ఉంటాను."

"నీకు షుగరమ్మా! పడిపోతావు."

"పడితే పడతాను. మాట నాది."

ప్రభుదాస్ లేవబోయాడు. కుమారి అతని భుజం నొక్కి కూర్చోబెట్టింది. లేస్తే సాయంత్రానికి చేతులు వణుకుతాయి. వణికితే కాళ్లు ఎటు నడుస్తాయో ముగ్గురికీ తెలుసు. కూర్చుంటే ఎదురుగా తల్లి పస్తు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కుమారి మంచినీళ్లందించింది. మింగాడు. తల్లి వైపు చూడకుండా ఇంకో ముద్ద కలిపాడు.